పాటకు కర్త యెవరు? — చక్ బెరీ జీవితము

మన దేశమున పాట కట్టినవాడు తన పేరునో, తన యిష్టదైవము పేరునో పాట చివర నిలిపి పోవుట చిరకాలపు టాచారము. దానిని ముద్ర యందురు. త్యాగరాజస్వామి కృతిని ఎవరు పాడినను, ఎక్కడ పాడినను, ముద్ర వచ్చునప్పటికి కర్త యెవరో శ్రోతకు తెలిసిపోవును. క్షేత్రయ్య పదమునకు మువ్వగోపాలుని పేరే చేవ్రాలు. పాటను అచ్చువేయు యంత్రములు గాని, పాటను పలికించు రికార్డులు గాని లేని కాలమున కర్తృత్వమును కాపాడినది ఆ చిన్న ముద్రయే.

ఇరువదవ శతాబ్దపు అమెరికాలో అట్టి యాచారము లేదు. అచట కర్త పేరు పాటలో గాక, గ్రామఫోను రికార్డు నడుమ అంటించిన కాగితపు చీటిపై నుండెడిది. ఆ చీటిపై ఎవరి పేరున్నచో పాట వారిది. పాటవలన వచ్చు రాబడియు వారిదే. తన మొదటి రికార్డునకు కర్తలుగా తనతోపాటు మరి యిరువురి పేర్లు చేరుట చూచి నివ్వెరపోయి, ఆ పేర్లు తొలగువరకు ముప్పది యేండ్లు వేచియుండిన వాగ్గేయకారుడు చక్ బెరీ. రాక్ అండ్ రోల్ అను సంగీతమునకు రూపు దిద్దిన తొలి తరము గాయకులలో అగ్రగణ్యుడు. తన పాటను పరులు పంచుకొనిరని వగచిన యీతడే, వార్ధక్యమున, తోడివాని పాలు తాను హరించెనను అభియోగమునకు గురియయ్యెను. ఈ రెండు వ్యాజ్యముల నడుమ సాగిన జీవితము సంగీత చరిత్రలోనే గాక, న్యాయాన్యాయముల చరిత్రలోను తలచుకొనదగినది.

బాల్యము

చార్లెస్ ఎడ్వర్డ్ ఆండర్సన్ బెరీ 1926వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన మిసిసిపీ నదీతీరమున గల సెయింట్ లూయిస్ నగరమందు జన్మించెను. ఆ యింటి వీథి పేరు గుడ్ అవెన్యూ. ఈ పేరు మున్ముందు ఒక ప్రసిద్ధమైన పాటలో చేరనున్నది. నగరమున 'ది విల్' అని పిలువబడు ఆ పేట, నల్లజాతివారిలో చదువుకొన్నవారు, ఉపాధ్యాయులు, చిన్న వర్తకులు నివసించెడి చోటు. తండ్రి హెన్రీ వడ్రంగపు పనులను, గృహనిర్మాణపు పనులను గుత్తకు పట్టెడివాడు. ఆంటియాక్ బాప్టిస్టు దేవాలయమున పెద్ద. తల్లి మార్తా ఉపాధ్యాయిని. ఆ దంపతుల ఆరుగురు బిడ్డలలో చార్లెస్ నాలుగవవాడు.

ఇంట దైవభక్తి, క్రమశిక్షణ, పుస్తకము, పాట అన్నియు నుండెను. వెలుపల మాత్రము వర్ణభేదము కోటగోడవలె నిలిచియుండెను. తండ్రి ఒకనాడు బిడ్డను వెంటబెట్టుకొని నగరమందలి ఫాక్స్ థియేటరునకు సినిమా చూపింప బోగా, నల్లవారికి ప్రవేశము లేదని టిక్కెట్లమ్ము కిటికీ యొద్దనే త్రిప్పి పంపివేసిరి. ఆ పసివాని మనస్సున ఆ కిటికీ నాటుకొనిపోయెను.

అతడు చదివిన సమ్నర్ ఉన్నత పాఠశాల 1875లో స్థాపితమైనది. మిసిసిపీకి పడమట నల్లజాతి విద్యార్థులకై యేర్పడిన మొదటి ఉన్నత పాఠశాల యదియే. 1941లో పాఠశాల సభయందు అతడు సంప్రదాయమైన గీతమును విడిచి, ఆనాడు వాడుకలోనున్న ఒక బ్లూస్ పాటను పాడెను. ఉపాధ్యాయులకు అది రుచింపలేదు; తోడి విద్యార్థులు హర్షధ్వానములు చేసిరి. తనకు ఎవరి మెప్పు కావలయునో ఆనాడే యతనికి తెలిసెను.

కాని బాలుడు చదువు ముగింపలేదు. 1944లో మిత్రులతో కూడి దేశాటనమునకు బయలుదేరి, కాన్సాస్ సిటీ ప్రాంతమున చేతి డబ్బు అయిపోగా దుకాణములలో దోపిడీకి దిగెను. ఒక కారును బలవంతముగా లాగుకొనెను. న్యాయస్థానము పదియేండ్ల శిక్ష విధించెను. ఆల్గోవాలోని యువనేరస్థుల సంస్కరణాలయమున మూడేండ్లు గడపి, 1947లో సరిగా తన యిరువదియొకటవ జన్మదినమున విడుదల పొందెను. అచట నున్నపుడు నలుగురు గాయకులతో ఒక మేళము కూర్చి పాడుచుండెను. చెఱసాలలో పాట నేర్చుట యతని జీవితమున ఇది మొదటిసారియే గాని కడసారి కాదు.

నదికి ఆవలి యొడ్డు

1948లో అతనికి థెమెట్టా సగ్స్ అను యువతితో వివాహమయ్యెను. ఆ దాంపత్యము అతని మరణపర్యంతము అరువదియెనిమిది యేండ్లు నిలిచెను. సంసారపోషణకై అతడు కార్ల కర్మాగారమున కూలిచేసెను. కట్టడముల కావలిపనియు, ఊడ్పుపనియు చేసెను. శిరోజాలంకరణమును నేర్పు పోరో కళాశాలలో శిక్షణ పొందెను. 1950లో విటియర్ వీథిలో చిన్న యిటుక యిల్లు కొనగలిగెను. 2008లో అమెరికా ప్రభుత్వము ఆ యింటిని జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేర్చినది.

సాయంత్రములందు గిటారు వాయించి నాలుగు డాలర్లు సంపాదించుట అతనికి మొదట ఉపవృత్తి మాత్రమే. 1952 డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆ ఉపవృత్తియే వృత్తిగా మారుటకు బీజము పడెను. జానీ జాన్సన్ అను పియానో విద్వాంసునకు ముగ్గురితో కూడిన చిన్న మేళ మొకటి యుండెను. ఆ మేళమున సాక్సఫోను వాయించువాడు జబ్బుపడగా, ఆ రాత్రికి లోటు తీర్చుటకై జాన్సన్ బెరీని పిలిచెను. నదికి ఆవలి యొడ్డున, ఇల్లినాయ్ రాష్ట్రమందలి ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో గల కాస్మోపాలిటన్ క్లబ్బు ఆ కచ్చేరీకి వేదిక. ఒక్క రాత్రికని పిలువబడినవాడు అచటనే నిలిచిపోయెను. కొలదికాలములో మేళము బెరీ పేరనే ప్రసిద్ధికెక్కెను. స్వభావముచే మితభాషియైన జాన్సన్ అందులకు అడ్డుచెప్పలేదు.

బెరీ చేసిన క్రొత్తపని యేమి? శ్వేతజాతి పల్లెవాసులు పాడుకొను 'కంట్రీ' పాటలను నల్లవారి క్లబ్బులో పాడెను. శ్రోతలు మొదట నవ్విరి. పిదప అవియే కావలెనని కోరిరి. అటుపై శ్వేతజాతివారును నది దాటి వచ్చి వినసాగిరి. నాట్ కింగ్ కోల్ అను గాయకుని పాటలోని స్పష్టోచ్చారణ యతనికి ఆదర్శము. పదము పదము వినువానికి తెలియవలయునని యతని పట్టుదల. గిటారుపై రెండు తంత్రులను ఒక్కపెట్టున మీటుట టి-బోన్ వాకర్ వంటి పెద్దలనుండి గ్రహించెను. దానికి జాన్సన్ పియానో తోడయ్యెను. పండ్రెండు గతుల బ్లూస్ చట్రము, పల్లెపాటలోని కథనము, నాట్యమునకు తగిన లయ యీ మూడును ఏకమై రూపొందినదే మున్ముందు లోకము రాక్ అండ్ రోల్ అని పిలిచిన వస్తువులో ముఖ్యభాగము. ఒక్కరే దానిని సృష్టించిరనుట చరిత్ర గాదు. కాని దానికి వాగ్గేయకారుడై మాటను, మట్టును, వాద్యమును ఒకే చేత కూర్చినవారిలో బెరీకి సాటి అరుదు.

షికాగో ప్రయాణము

1955 మే మాసమున బెరీ షికాగో నగరమునకు పోయి, బ్లూస్ సంగీతమున మేటియైన మడ్డీ వాటర్స్ కచ్చేరీ విని, రికార్డు చేయించుట కెవరిని కలియవలెనని యడిగెను. వాటర్స్ తన పాటలను వెలువరించుచున్న లెనార్డ్ చెస్ పేరు చెప్పెను. పోలండునుండి వలసవచ్చిన కుటుంబమునకు చెందిన చెస్ సోదరులు షికాగోలో చిన్న రికార్డుల సంస్థను నడుపుచుండిరి.

బ్లూస్ పాటలే వారిని ఆకర్షించునని బెరీ తలచెను. కాని లెనార్డ్ చెస్ చెవికి సోకినది పల్లెపాట ఫక్కీలోని మరియొక పాట. అది బాబ్ విల్స్ మేళము 1938లో రికార్డు చేసిన 'ఐడా రెడ్' అను పాతపాటను అనుసరించి బెరీ కట్టినది. నల్లజాతి గాయకుని నోట ఆ ఫక్కీ వినబడుట క్రొత్త. పేరు మార్చి, మాట మార్చి, మే 21వ తేదీన దానిని 'మేబెలీన్' అను పేర రికార్డు చేసిరి. పియానోపై జాన్సన్, బాస్ వాద్యముపై విల్లీ డిక్సన్ సహకరించిరి. కారులో ప్రియురాలిని వెంబడించు ప్రియుని కథ యది. ఆ యేడు అది నల్లజాతి సంగీతపు పట్టికలో మొదటి స్థానమును, సర్వజనుల పట్టికలో ఐదవ స్థానమును పొందెను. పది లక్షలకు మించిన ప్రతులు అమ్ముడుపోయెనని ప్రసిద్ధి.

ఈ రెండు పట్టికల విషయము కొంత వివరింపదగినది. అమెరికాలో రికార్డుల అమ్మకమును లెక్కించు 'బిల్‌బోర్డ్' పత్రిక, నల్లవారి రికార్డులను 1949 వరకు 'జాతి రికార్డులు' అను శీర్షిక క్రింద వేరుగా చూపెను. ఆ యేడు ఆ పేరును 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చెను. పేరు మారినను గోడ నిలిచెను. బసలు, బళ్లు, భోజనశాలలవలెనే పాటలకును వేర్వేరు ద్వారములు. 'మేబెలీన్' ఆ గోడను దాటినది.

చీటిపై మూడు పేర్లు

రాబడి లెక్కలు చేతికి వచ్చిన తరువాత బెరీ చూచినది వేరు. పాటకు కర్తలు మువ్వురని యుండెను: బెరీ, అలన్ ఫ్రీడ్, రస్ ఫ్రాటో. ఫ్రీడ్ న్యూయార్కు రేడియోలో రికార్డులు వినిపించు ప్రయోక్త. రాక్ అండ్ రోల్ అను పేరును జనుల నోట నానునట్లు చేసినవారిలో ముఖ్యుడు. ఫ్రాటో షికాగోలో చెస్ సోదరులతో ఆర్థిక సంబంధము గల వ్యాపారి. వీరిరువురు పాటలో ఒక్క మాట కట్టలేదు, ఒక్క స్వరము కూర్చలేదు. ప్రసిద్ధుల పేరున్నచో పాటకు ఆదరము హెచ్చునని బెరీకి సమాధానము చెప్పబడెను. ఫ్రీడ్ తన కార్యక్రమమున ఆ పాటను పదే పదే వినిపించెననుట సత్యము. వినిపించినకొలది అతని పాలును పెరుగుచుండెను.

దీనివలన కలిగిన నష్టమును లెక్కవేసి చూడవచ్చును. 1909 నాటి అమెరికా చట్టము ప్రకారము, అమ్ముడైన ఒక్కొక్క రికార్డు ప్రతికి పాట హక్కుదారులకు ఈయవలసినది పాటకు రెండు సెంట్లు. ఆచారము ననుసరించి అందు సగము ప్రచురణకర్తకు, సగము రచయితకు. ప్రచురణ సంస్థయైన ఆర్క్ మ్యూజిక్‌లో చెస్ సోదరులే భాగస్వాములు. పది లక్షల ప్రతులు అమ్ముడైనచో రచయిత వంతు పదివేల డాలర్లు. ఆ వంతును మూడుగా పంచినచో నిజమైన కర్తకు మిగులునది మూడువేల మూడువందల పైచిలుకు మాత్రమే. రేడియోలో, ప్రదర్శనలలో, ఇతరులు పాడుటలో వచ్చు పైకము కూడ ఇట్లే చీలిపోవును. అదియు ఒక్క సంవత్సరము గాదు, పాట బ్రదికినంతకాలము.

పాటలు వినిపించుటకై రేడియోవారు సొమ్ము పుచ్చుకొను పద్ధతిపై 1959, 1960 సంవత్సరములలో అమెరికా శాసనసభ విచారణ జరిపెను. ఫ్రీడ్ 1962లో నేరమంగీకరించి జుల్మానా చెల్లించెను, 1965లో మరణించెను. 'మేబెలీన్' కర్తగా బెరీ పేరొక్కటే నిలుచుటకు 1986 వరకు పట్టెను.

పాటలు, పాటకాలపు గోడలు

మొదటి దెబ్బతో బెరీ పాఠము నేర్చెను. తరువాతి పాటలకు కర్తగా తన పేరొక్కటే యుండునట్లు చూచుకొనెను. 1956లో 'రోల్ ఓవర్ బీతోవెన్', 1957లో 'స్కూల్ డే', 'రాక్ అండ్ రోల్ మ్యూజిక్', 1958లో 'స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్', 'జానీ బి. గుడ్' వరుసగా వెలువడెను. అప్పటికి అతనికి ముప్పదియేండ్లు దాటినవి. పాటలలోని పాత్రలు మాత్రము బడిపిల్లలు. బడిగంట, కారు, నాట్యము, తొలివలపు మున్నగు వస్తువులతో వర్ణభేదము లేక యువజనులెల్లరు తమ కథయే యనుకొనునట్లు పాటలు కట్టెను. 1956లో వెలువడిన 'బ్రౌన్ ఐడ్ హ్యాండ్‌సమ్ మ్యాన్' అను పాటలో కండ్ల రంగు నెపముగా మేని రంగును సూచించి, తన జాతివాని అందమును, పౌరుషమును చమత్కారముగా చాటెను. నేరుగా చెప్పరానిదానిని వంకరగా చెప్పుట అతని నేర్పు.

'జానీ బి. గుడ్' పల్లెలో పుట్టి గిటారు వాయించి పేరు తెచ్చుకొనబోవు పేదబాలుని కథ. జానీ అను పేరునకు జాన్సన్, గుడ్ అను పేరునకు తాను పుట్టిన వీథి మూలములు. బాలుని జాతిని తెలుపు పదమును మొదట వ్రాసి, అది యున్నచో శ్వేతజాతివారి రేడియోలలో పాట వినబడదని తలచి, దానికి బదులు పల్లెటూరివాడను పదమును చేర్చితినని బెరీ పిమ్మట చెప్పుకొనెను. ఒక్క మాట మార్చినందున పాట లోకమంతట ప్రాకెను. ఆ మార్పునకు చెల్లించిన మూల్యమేదో పాడినవానికే తెలియును.

దక్షిణ రాష్ట్రములలో కచ్చేరీ చేయబోయినపుడు సభామందిరమున శ్రోతలను జాతినిబట్టి వేరుచేసి కూర్చుండబెట్టుట ఆనాటి ఆచారము. కొన్నిచోట్ల నడుమ త్రాడు కట్టెడివారు. బెరీ 1958లో సెయింట్ లూయిస్‌లో 'క్లబ్ బ్యాండ్‌స్టాండ్' అను వినోదశాలను తెరచి, ఉభయజాతులవారికిని ప్రవేశమిచ్చెను.

న్యాయస్థానమున

1959 డిసెంబరులో అతడు అరెస్టయ్యెను. పదునాలుగేండ్ల బాలిక నొకతెను తన క్లబ్బులో పనికని చెప్పి, దురుద్దేశముతో రాష్ట్రముల సరిహద్దులు దాటించి తెచ్చెనని అభియోగము. 1910 నాటి మాన్ చట్టము క్రింద విచారణ జరిగెను. బెరీ నేరమును నిరాకరించెను. మొదటి విచారణలో ఐదేండ్ల శిక్ష, ఐదువేల డాలర్ల జుల్మానా పడెను. విచారణకర్తయైన న్యాయాధిపతి జాతిని గూర్చి పలికిన మాటలు పక్షపాతమును తెలుపుచున్నవని పై న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. 1961లో రెండవ విచారణ జరిగి మూడేండ్ల శిక్ష పడెను. 1962 ఫిబ్రవరి మొదలు 1963 అక్టోబరు వరకు అతడు చెఱలో నుండెను.

ఈ ఘట్టమును చెప్పునపుడు రెండు సత్యములను కలిపి చెప్పవలయును. న్యాయాధిపతి నోట వర్ణద్వేషము పలికెను, అది సత్యము. పదునాలుగేండ్ల బాలిక యొక ప్రసిద్ధుని వెంట పరదేశమునకు వచ్చి దిక్కులేనిదయ్యెను, అదియు సత్యమే. మొదటిదానిని చూపి రెండవదానిని కప్పిపుచ్చుట గాని, రెండవదానిని చూపి మొదటిదానిని మరచుట గాని చరిత్రకారునకు తగదు.

చెఱసాలలో బెరీ లెక్కలు, వ్యాపారశాస్త్రము చదువుకొనెను, పాటలు కట్టెను. అందొకటి 'ప్రామిస్డ్ ల్యాండ్'. వర్జీనియానుండి కాలిఫోర్నియాకు పోవు పేదయువకుని ప్రయాణ మందు వర్ణితము. ఊళ్లపేర్లు సరిచూచుకొనుటకై పటముల పుస్తకము నడుగగా, పారిపోవుటకు దారి వెదకుచున్నాడేమోయని అధికారులు సంశయించిరని యతడు తన స్వీయచరిత్రలో వ్రాసెను. పాటలోని బస్సు రాక్ హిల్‌ను తప్పించి పోయి, బర్మింగ్‌హామ్ చేరును. 1961లో జాతిభేదమును ధిక్కరించి బస్సులలో ప్రయాణించిన స్వాతంత్ర్యయాత్రికులు దెబ్బలు తినిన యూళ్లవియే. పాటలో ఆ మాట యెత్తలేదు, ఊరిపేరు చాలును.

పరులు పాడిన పాటలు

విడుదలయై వచ్చునప్పటికి లోకము మారెను. ఇంగ్లండునందు యువకుల మేళములు బెరీ పాటలను గురుపాఠములవలె వల్లించుచుండెను. రోలింగ్ స్టోన్స్ మేళపు మొదటి రికార్డు (1963) బెరీ కట్టిన పాటయే. బీటిల్స్ 'రోల్ ఓవర్ బీతోవెన్'ను, 'రాక్ అండ్ రోల్ మ్యూజిక్'ను పాడిరి. ఈ తరము కర్త పేరును దాచలేదు, గురువని చాటెను.

అమెరికాలోనే మరియొక సంఘటన జరిగెను. 1963లో బీచ్ బాయ్స్ మేళము వెలువరించిన 'సర్ఫిన్ యు.ఎస్.ఎ.' అను పాట మట్టు 'స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్' మట్టే. చీటిపై మొదట బెరీ పేరు లేదు. అడుగగా హక్కులు ఆర్క్ మ్యూజిక్‌కు దక్కెను. పిమ్మట కర్తగా బెరీ పేరు చేరెను.

ఈ అనుభవములన్నియు అతనిని అనుమానపు మనిషిగా చేసెను. గిటారు చేతబట్టి ఒంటరిగా వచ్చుట, స్థానిక వాద్యకారులతో సాధన లేకయే పాడుట, వేదిక యెక్కకముందే రొక్కము లెక్కపెట్టి పుచ్చుకొనుట అతని నియమములయ్యెను. వినువారికి ఒక్కొక్కనాడు మంచి కచ్చేరీ, ఒక్కొక్కనాడు చెడ్డ కచ్చేరీ. 1972లో సర్వజన పట్టికలో మొదటి స్థానము పొందిన యతని యేకైక గీతము 'మై డింగ్-ఎ-లింగ్' అను కొంటెపాట; అతని ఉత్తమ రచనలలో దాని నెవరును లెక్కింపరు. రొక్కపు రాబడిపై పన్ను ఎగవేసిన నేరమునకై 1979లో నాలుగు నెలలు చెఱసాల కేగవలసివచ్చెను. అదే యేడు జూన్ 1వ తేదీన అధ్యక్షుడు కార్టర్ యెదుట శ్వేతభవనమున పాడెను. ఒక్క యేట సన్మానము, కారాగారము! 1990వ దశాబ్దపు తొలినాళ్లలో అతని భోజనశాలయందు స్త్రీలను రహస్యముగా చిత్రించిరను దావాలు దాఖలై, రాజీతో ముగిసెను. ఈ మచ్చలను విడిచి అతని కథ చెప్పుట నిజాయితీ కాదు.

1986 అక్టోబరులో, అరువదవ జన్మదిన సందర్భమున, సెయింట్ లూయిస్‌లో అతని గౌరవార్థము కచ్చేరీలు జరిగెను. వానిని చలనచిత్రముగా తీసిరి. వేదిక ఫాక్స్ థియేటరు. తండ్రితో వచ్చి కిటికీ యొద్దనుండి మరలిపోయిన బాలుడు, అదే మందిరమున వేదికపై నిలిచెను.

తోడివాని ప్రశ్న

2000వ సంవత్సరమున జానీ జాన్సన్ న్యాయస్థానము నాశ్రయించెను. బెరీ పేర నున్న యేబదికి పైబడిన పాటలలో తానును సహకర్తనని యతని వాదము. ఈ వాదమునకు ఆధారమేమి? బెరీ పాటలు పెక్కు గిటారుకు సులభమైన శ్రుతులలో లేవు; పియానోకు, ఊదు వాద్యములకు అనువైన శ్రుతులలో నున్నవి. గిటారు పలుకుబడిలో పియానో చేతివాటము వినబడుననియు, పాటలు ఇరువురు కూర్చుండి కట్టినవేననియు రోలింగ్ స్టోన్స్ గిటారు విద్వాంసుడైన కీత్ రిచర్డ్స్ బహిరంగముగా చెప్పెను. మాటలు, కథ, మట్టు తనవేయని బెరీ పక్షము. 2002లో న్యాయస్థానము దావాను కొట్టివేసెను. జాన్సన్ చెప్పినది అబద్ధమని గాదు. పాటలు పుట్టి చాల యేండ్లు గడచినవనియు, కాలదోషము పట్టినదనియు కారణము. పాట యెవరిదను ప్రశ్నకు న్యాయస్థానము ఉత్తర మీయలేదు. జాన్సన్ 2005లో మరణించెను.

ఇచట విచారింపదగిన సూక్ష్మమున్నది. 'జానీ బి. గుడ్' ఆరంభమున వినబడు ప్రసిద్ధమైన గిటారు పలుకు, 1946లో లూయీ జోర్డన్ మేళపు పాటలో కార్ల్ హోగన్ వాయించిన పలుకునకు మిక్కిలి దగ్గర. హోగన్ ఋణమును బెరీ స్వయముగా ఒప్పుకొనెను. 'మేబెలీన్'కు 'ఐడా రెడ్' ఋణము. కర్త యనువాడు శూన్యమునుండి పాటను తీయడు. పెద్దలనుండి గ్రహించి, తోడివారితో మెఱుగు దిద్ది, తన మాటను చేర్చి నిలుపును. ఈ మూడవ పనిని బెరీ చేసెననుటలో సందేహములేదు. రెండవదానిలో జాన్సన్ వంతెంతయో కొలిచెడి కొలబద్ద చట్టమునకు లేదు. కాని పాట కట్టనివాడైన ఫ్రీడ్‌కు ముప్పదియేండ్లు పాలిచ్చిన చీటి, పియానోపై వ్రేళ్లరిగిన జాన్సన్‌కు చోటీయలేదు. చీటి చెప్పునది హక్కు. సర్వదా సత్యము కాదు.

నక్షత్రముల దారి

1977లో అమెరికా అంతరిక్ష సంస్థ వాయేజర్ అను రెండు నౌకలను పంపెను. అవి గ్రహములను దాటి, నక్షత్రముల నడుమకు పోవునవి. ఎప్పటికైన ఎవరికైన దొరకినచో భూలోకపు వార్త తెలియుటకై ఒక్కొక్కదానిలో బంగారుపూత పూసిన రాగి రికార్డు నుంచిరి. కార్ల్ సేగన్ అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున ఒక సంఘము ఇరువదియేడు సంగీతఖండములను ఎన్నుకొనెను. అందు 'జానీ బి. గుడ్' ఒకటి. జానపద సంగీత పండితుడైన అలన్ లోమాక్స్ రాక్ అండ్ రోల్ ఎదుగని పిల్లల సంగీతమని ఆక్షేపింపగా, భూమిపై ఎదుగని పిల్లలును చాలమంది యున్నారని సేగన్ బదులు చెప్పెను.

ఆ రికార్డునందే కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కలదు. గోవాలోని కేరి గ్రామమున 1892లో జన్మించిన ఆ విదుషీమణి, మొదటి వాయేజర్ బయలుదేరిన పదునొకండు దినములకు, 1977 సెప్టెంబరు 16న కన్నుమూసెను. బీతోవెన్ సంగీతము కూడ అందే యున్నది. పక్కకు దొరలుమని బెరీ హాస్యమాడిన ఆ మహానుభావుడే యిపుడు అతనికి తోడుప్రయాణికుడు! ఏబదియైదు భాషలలో పలికిన కుశలవాక్యములు ఆ రికార్డుపై నున్నవి. వానిలో తెలుగు పలుకు ఒకటి. 2012లో మొదటి వాయేజర్, 2018లో రెండవది సూర్యమండలపు గాలి వీచు మేరను దాటి ముందుకు సాగినవి.

చక్ బెరీ 2017 మార్చి 18వ తేదీన మిస్సౌరీ రాష్ట్రమున వెంట్జ్‌విల్ చెంత స్వగృహమందు తొంబదవ యేట మరణించెను. అదే యేడు, మరణానంతరము, అతని కడపటి రికార్డు వెలువడెను. దానిని తన భార్యకు అంకితము చేసియుండెను.

అతని జీవితమున మెచ్చదగినది చాల, మెచ్చరానిదియు కలదు. పాట మాత్రము రెండింటిని దాటి నిలిచెను. ఆ పాట వినువారు కర్తను తలచుట ధర్మము. కర్తను తలచునపుడు పియానో యొద్ద కూర్చున్న జాన్సన్‌ను, ముందు వాయించిన హోగన్‌ను, పేరు లేక పోయిన పల్లెపాటగాండ్రను తలచుట అంతకు మించిన ధర్మము. ముద్ర కర్తదే, రాగము పదుగురిది. నక్షత్రముల దారిని పోవు ఆ రికార్డుపై ఒక గోవా విదుషి గానము, ఒక జర్మను స్వరకర్త రచన, ఒక తెలుగు పలకరింపు, సెయింట్ లూయిస్ వడ్రంగి కుమారుని గిటారు ప్రక్కప్రక్కన నున్నవి. అచట వేరువేరు పట్టికలు లేవు. ప్రవేశము నిరాకరించు కిటికీలును లేవు.